గోదావరి లోయకి భూకంప ముప్పు లెక్క: ములుగు 5.3 తర్వాత చేసిన ఒక అసెస్‌మెంట్

ఇది ఒక ఆసుపత్రి డిజైన్ కోసం మొదలైన పని. గోదావరి ఒడ్డున, భద్రాచలానికి మరీ దూరం కాని ఊరు, కింద పార్కింగ్, పైన నాలుగంతస్తులు. ఊరి పేరూ యాజమాన్యం పేరూ ఇక్కడ అనవసరం. వాళ్ళ స్ట్రక్చరల్ ఇంజనీరు మొదట అడిగింది చాలా చిన్న కోరిక: "జోన్ 3 అని ఒక పేజీ రాసి సంతకం పెట్టివ్వండి సార్, అప్రూవల్‌కి అది చాలు." నిజమే, కాగితాల వరకు అది చాలు. భూకంప డిజైన్‌కి భారత కోడ్ అయిన ఐఎస్ 1893 (2016) మ్యాప్‌లో భద్రాచలం జోన్ 3, జోన్ ఫ్యాక్టర్ (భూమి ఆకర్షణతో పోల్చి ఎంత ఊపు అన్న అంకె) 0.16, డిజైన్‌కి అందులో సగం, ఆసుపత్రి కాబట్టి ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ (ముఖ్యమైన కట్టడానికి బలం పెంచే గుణకం) 1.5, అక్కడితో పని అయిపోతుంది. కానీ 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకి ములుగు అడవుల కింద 5.3 మాగ్నిట్యూడ్‌తో భూమి కదిలింది. హైదరాబాద్‌లో, విజయవాడలో అపార్ట్‌మెంట్ల జనం మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చేశారు. యాజమాన్యానికి టెన్షన్ పట్టుకుంది. మళ్ళీ వస్తుందా, వస్తే ఎంతది వస్తుంది, మా బిల్డింగ్ తట్టుకుంటుందా అని అడగడం మొదలుపెట్టారు. ఒక పేజీ పని కాస్తా పూర్తి అసెస్‌మెంట్ అయింది.

మొదటి ప్రశ్నకి సమాధానం ముందే చెప్పేశాను: ఫలానా రోజు, ఫలానా నెల అని ఎవరూ చెప్పలేరు, చెప్పామన్నవాళ్ళని నమ్మకండి. మేం చెప్పగలిగింది, యాభై ఏళ్ళు నిలబడాల్సిన కట్టడం కింద ఎంత ఊపు రావడానికి ఎంత అవకాశం ఉందన్నది. అది కూడా ఒక్క అంకెగా కాదు, ఇంతనుంచి ఇంతవరకు అని. ఈ మాట విని యాజమాన్యం మొహం చిన్నబోయింది. డబ్బులిచ్చేవాళ్ళకి ఒక అంకె కావాలి, అర్థం చేసుకోగలను. కానీ ఈ ప్రాంతం విషయంలో ఆ "ఇంతనుంచి ఇంతవరకు" అన్నదే అసలు ఫలితం. దాన్ని దాచి ఒక్క అంకె ఇచ్చేవాళ్ళు ఎక్కువ తెలిసినవాళ్ళేం కాదు, ఎక్కువ ధైర్యం ఉన్నవాళ్ళు అంతే.

లోయ కింద ఏముంది

గోదావరి ఈ దారిలో ఊరికే పారడం లేదు. పడమర ధార్వార్ శిలలు, తూర్పున బస్తర్ శిలలు, రెండూ అతి పాత గట్టి నేల. వాటి మధ్య వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పొడుగాటి పల్లం, ప్రాణహిత-గోదావరి బేసిన్. కోట్ల ఏళ్ళ కిందట భూమి పైపొర ఇక్కడ లాగబడి, మధ్య భాగం దిగబడి, ఆ గుంతలో గోండ్వానా అవక్షేపాలు పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు ఆ పొరల్లోదే. రామగుండం, మణుగూరు, కొత్తగూడెం, ఇల్లందు గనులన్నీ ఒకే పట్టీ మీద ఎందుకున్నాయో దీన్నిబట్టి తెలిసిపోతుంది. ఆ పల్లానికి అంచుల్లోనూ లోపలా కడెం ఫాల్ట్, కిన్నెరసాని-గోదావరి ఫాల్ట్ లాంటి పెద్ద పగుళ్ళున్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో ఇవన్నీ కనిపిస్తాయి.

అప్పుడు లాగిన బలాలు ఇప్పుడు లేవు. ఇప్పుడున్నది నొక్కుడు: భారత ఫలకం ఉత్తరాన హిమాలయాల దగ్గర అడ్డంపడి నెడుతోంది, ఆ ఒత్తిడి మొత్తం ద్వీపకల్పంలోకి పాకుతుంది. పాత చీర పిగిలేది కుట్టు వేసిన చోటే అన్నట్టు, ఆ ఒత్తిడికి ముందు కదిలేది ఇలాంటి పాత పగుళ్ళే. నర్మద లోయలో 1997 మే 22న జబల్పూర్ దగ్గర వచ్చిన 5.8 కూడా ఇదే రకం. అది దాదాపు 35 కి.మీ. లోతున పుట్టింది. ములుగుది నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ లెక్కలో 40 కి.మీ. పాత రిఫ్ట్‌ల (ఇలా లాగబడి దిగిన పల్లాల) అడుగున, పైపొర అట్టడుగుకి దగ్గరగా, ఇలా కదలికలు రావడం మనకే ప్రత్యేకం కాదు. ఈ లోతు సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోండి, లెక్కంతా తర్వాత దాని చుట్టూనే తిరుగుతుంది.

మధ్యలో ఒక్క మాట. ములుగు భూకంపానికి మూడు నెలల ముందు, ఆగస్టు నెలాఖరులో, తాడ్వాయి-మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా నేలకూలాయి. డిసెంబరులో భూకంప కేంద్రం కూడా ఆ చుట్టుపక్కలే వచ్చేసరికి వాట్సాప్‌లో రెండిటికీ ముడిపెట్టేశారు. సైట్ మీటింగ్‌లో కూడా ఒక పెద్దాయన ఇదే అడిగారు. చెట్లు పడింది గాలివల్ల. నలభై కి.మీ. లోతున జరిగేదానికీ పైన చెట్ల వేళ్ళకీ మూడు నెలల ముందే సంబంధం పెట్టే దారి ఏదీ లేదు.

జాబితా: ఎక్కువ సమయం ఇక్కడే పోయింది

హజార్డ్ (ముప్పు) లెక్కంటే చాలామంది సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ రన్ ఒక మధ్యాహ్నం పని. దానికి తినిపించే భూకంపాల జాబితా తయారుచేయడానికే నెలలు పడతాయి.

సైట్ చుట్టూ 300 కి.మీ. వ్యాసార్థం తీసుకున్నాం, ఇది మామూలు పద్ధతే. అందులో ఎవరెవరు పడతారంటే: 1969 ఏప్రిల్ 13 భద్రాచలం భూకంపం, మాగ్నిట్యూడ్ 5.7, లోయలో మనకి తెలిసినవాటిలో పెద్దది. 1967 మార్చి 27 ఒంగోలు, 5.4. పులిచింతల దగ్గర 2020 జనవరి 26 తెల్లవారుజామున వచ్చిన 4.6, దాని ముందూ వెనకా వచ్చిన చిన్నవాటి గుంపు. ఇటు 2024 ములుగు. ఇవి కాక నాలుగు లోపువి బోలెడు.

వీటిని ఒకచోట రాసుకోగానే తగిలే మొదటి చిక్కు, అందరూ ఒకే కొలబద్దతో కొలవలేదు. ఒకటి ఎంఎల్, ఒకటి ఎంబి, ఇంకొకటి ఎంఎస్, ఈమధ్యవి ఎండబ్ల్యూ, అంటే మొమెంట్ మాగ్నిట్యూడ్. ఒకే భూకంపానికి రెండు సంస్థల దగ్గర 0.3, 0.4 తేడా ఉంటుంది. చిన్న తేడానే కదా అనిపిస్తుంది, కానీ 5.3కీ 5.7కీ మధ్య శక్తి తేడా దాదాపు నాలుగు రెట్లు. అన్నిటినీ ఎండబ్ల్యూలోకి మార్చాలి, మార్చే సూత్రంలో ఉన్న అనిశ్చితిని కూడా వెంట తీసుకుపోవాలి. చాలా రిపోర్టుల్లో ఆ రెండో ముక్క కనిపించదు.

రెండోది లోతు. జాబితాలో లోతు కాలమ్ కిందికి చూస్తూ పోతే 10, 10, 33, 10, 33 అని కనిపిస్తుంది. అవి కొలిచిన లోతులు కావు. చుట్టుపక్కల తగినన్ని స్టేషన్లు లేక లోతు తేలనప్పుడు ప్రోగ్రాం పెట్టే డిఫాల్ట్ అంకెలు. వాటి సగటు తీసి "ఈ ప్రాంతంలో సగటు లోతు ఇంత" అని రాసిన రిపోర్టులు చూశాను. మేం ఆ 10లూ 33లూ లోతు లెక్కలోంచి తీసి పక్కన పెట్టాం.

మూడోది బొగ్గు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బ్లాస్టింగ్ రోజూ ఉంటుంది, అవి కూడా సీస్మోమీటర్‌లో చిన్న భూకంపాల్లా పడతాయి. వీటిని ఏరడానికి సులువైన ఉపాయం, గంటలవారీగా బొమ్మ గీయడం. భూకంపానికి పగలూ రాత్రీ తేడా లేదు, గనిలో పేల్చే షాట్‌ఫైరర్‌కి ఉంది. ఒక ప్రాంతంలో చిన్నవన్నీ పగటి డ్యూటీ వేళల్లోనే కుప్పపడుతున్నాయంటే అనుమానించాలి. అలాంటివాటి సిగ్నల్ ఆకారం కూడా చూసి తీసేశాం.

నాలుగోది పులిచింతల లాంటి గుంపులు. మామూలు లెక్కలో ఒక్కో భూకంపం మిగతావాటితో సంబంధం లేకుండా వస్తుందని అనుకుంటాం కాబట్టి, ముందు ప్రకంపనలు, వెనక ప్రకంపనలు తీసి ఒక గుంపుకి ఒకటే ఉంచుతాం. రిజర్వాయర్ దగ్గర పుట్టే గుంపులు దీనికి సరిగా లొంగవు. నీళ్ళు నిండడం, ఆ ఒత్తిడి పగుళ్ళలోకి దిగడం వీటిని ప్రేరేపిస్తుంది. మనదేశంలో దీనికి పెద్ద ఉదాహరణ కొయ్నా: 1962లో నీళ్ళు నింపడం మొదలైంది, 1967 డిసెంబరులో 6.3 వచ్చింది, ఇప్పటికీ అక్కడ ప్రకంపనలు ఆగలేదు. పులిచింతలని మేం వేరే చిన్న సోర్స్‌గా (భూకంపాలు పుట్టే చోటుగా) విడదీశాం. దాన్ని గోదావరి లోయ లెక్కలో కలిపేస్తే, నది వేరు, పగుళ్ళు వేరు, కారణం వేరు అయినా, చిన్న భూకంపాల సంఖ్య పెరిగిపోయి చిన్నవాటి నుంచి పెద్దవాటికి సంఖ్య తగ్గే వాలు మొత్తం వంకర పోతుంది.

ఇక అసలు లోటు. ఈ జాబితా ఎంత వెనక్కి నమ్మొచ్చు? యంత్రాలతో కాస్త గట్టిగా నమోదవుతున్నది 1960ల నుంచి. అంతకుముందువి బ్రిటిష్‌వాళ్ళ ఉత్తరాలు, గెజిటీర్లు, 1883లో ఓల్డ్‌హామ్‌ల పేరుతో అచ్చయిన జాబితా. వాటిలో మచిలీపట్నం, మద్రాసు లాంటి చోట్ల సంగతులు దొరుకుతాయి, ఎందుకంటే అక్కడ దొరలున్నారు, రాసేవాళ్ళున్నారు. ఏజెన్సీ అడవుల్లో కోయ పల్లెల కింద 1850లో 5.5 వచ్చి ఉంటే ఎవరు రాస్తారు? జాబితాలో ఖాళీ ఉందంటే భూకంపం లేదని కాదు, అక్కడ కాగితం కలం లేవని. అందుకే ఏ సైజువి ఏ సంవత్సరం నుంచి పూర్తిగా నమోదయ్యాయో ముందు తేల్చాలి. మా దగ్గర తేలిందేంటంటే, ఐదు పైన ఉన్నవాటికి ఓ అరవై ఏళ్ళు, చిన్నవాటికి ఇంకా తక్కువ.

"55 ఏళ్ళ తర్వాత మళ్ళీ"

ములుగు తర్వాత పేపర్లలో, టీవీల్లో వినిపించిన మాట ఇది: 1969లో వచ్చింది, 55 ఏళ్ళకి మళ్ళీ వచ్చింది. యాజమాన్యంలో ఒకాయన దీన్నే పట్టుకుని, "అయితే ఇంకో 55 ఏళ్ళు నిశ్చింతే కదా" అన్నారు. రెండు ఘటనల మధ్య ఉండేది ఒక్క విరామం. ఒక్క విరామంతో చక్రం తయారవదు.

చేతిలెక్క చూపిస్తాను, వాళ్ళకి బోర్డు మీద చూపించినదే. లోయ వరకే చూస్తే, 1964 నుంచి 2024 దాకా అరవై ఏళ్ళలో 5.3 లేదా అంతకంటే పెద్దవి రెండు. సగటున ముప్పై ఏళ్ళకొకటి. బాగానే ఉంది. కానీ రెండే రెండు ఘటనలు చూసి సగటు చెబుతున్నప్పుడు, అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చేవాటికి వాడే పాయిసాన్ లెక్క ప్రకారం 95 శాతం నమ్మకంతో ఆ అరవై ఏళ్ళలో అసలు ఆశించాల్సిన సంఖ్య 0.24 నుంచి 7.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఎనిమిదేళ్ళకొకటి నుంచి దాదాపు 250 ఏళ్ళకొకటి వరకు. మధ్యలో ముప్పై. ఈ అంకెలు చూశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఇంజనీరు గారు "మరి మేమేం చెయ్యాలి సార్" అన్నారు. సరైన ప్రశ్న అదే.

చిన్నవాటి సాయం తీసుకోవాలి. గుటెన్‌బర్గ్-రిక్టర్ సంబంధం చెప్పేదేంటంటే ఏ ప్రాంతంలోనైనా మాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే సంఖ్య దాదాపు పదోవంతుకి పడుతుంది. ఆ పడే వాలు పేరు బి-వాల్యూ, సాధారణంగా ఒకటికి అటూఇటూ. నాలుగు సైజువి తగినన్ని ఉంటే ఆ వాలు పట్టుకుని ఆరు సైజు దాకా వెళ్ళొచ్చు. ఇబ్బందల్లా ఆ వాలు ఎంత నిక్కచ్చిగా తెలుసన్నదే. బి 1.0 బదులు 0.85 అయితే, నాలుగు నుంచి ఆరుకి వెళ్ళేసరికి ఆరు సైజువాటి అంచనా దాదాపు రెట్టింపవుతుంది. బ్లాస్టులు ఏరకపోతే, పులిచింతలని విడదీయకపోతే ఈ 0.15 తేడా ఎవరికీ తెలియకుండానే లోపలికి వచ్చేస్తుంది. అందుకే జాబితా మీద అన్ని రోజులు కూర్చున్నాం.

బోర్డు లెక్కని ఇంకాస్త పొడిగిస్తే: 5.3 పైనవి ముప్పై ఏళ్ళకొకటి, బి ఒకటి అనుకుంటే, 6.5 పైనవి దాదాపు 475 ఏళ్ళకొకటి. ఈ 475 అన్నది మా రంగంలో అందరి నోట్లో నానే అంకె, యాభై ఏళ్ళలో పది శాతం అవకాశం అంటే అదే. ఇక్కడ అది రావడం కేవలం కాకతాళీయం, దాన్ని చూసి మురిసిపోవద్దని మా జూనియర్లకి కూడా చెప్పాను. ముప్పై అన్నది 8 నుంచి 250 దాకా ఊగే అంకె అయినప్పుడు 475 కూడా 130 నుంచి 3900 దాకా ఊగుతుంది.

అసలు ఇక్కడ 6.5 రాగలదా? కొందరు చూసినవాటిలో పెద్దదానికి 0.5 కలిపి 6.2 దగ్గర ఆపుతారు. అరవై ఏళ్ళ జాబితా చూసి అలా ఆపడం నాకు నచ్చదు. 6.5కి పగలాల్సిన పొడవు ఓ ఇరవై, పాతిక కి.మీ.; లోయ అంచు ఫాల్ట్‌లు అంతకంటే చాలా పొడుగు. పైగా ప్రపంచంలో గట్టి ఖండభాగాల్లో వచ్చిన అతిపెద్ద భూకంపాల్లో ఎక్కువ ఇలాంటి పాత రిఫ్ట్‌ల్లోనే వచ్చాయి. 2001 భుజ్ కూడా కచ్ రిఫ్ట్‌దే. అలాగని గోదావరిలో భుజ్ అంతది వస్తుందని భయపెట్టడానికి ఆధారం లేదు. 6.2, 6.5, 6.8 మూడూ పెట్టి, మధ్యదానికి ఎక్కువ బరువిచ్చాం. 475 ఏళ్ళ ఫలితం దీనివల్ల పెద్దగా కదల్లేదు, 2475 ఏళ్ళది (యాభై ఏళ్ళలో రెండు శాతం అవకాశం ఉన్నది) కదిలింది.

ఇంకో నిర్ణయం మీద మా టీమ్‌లోనే వాదన నడిచింది. ఫాల్ట్ గీతల మీదే భూకంపాలు పెట్టాలా, గీతలు లేనిచోట కూడా పెట్టాలా? నేను రెండోదాని పక్షం, కారణం కిల్లారి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3:56కి లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 వచ్చినప్పుడు ఆ చోటు అప్పటి మ్యాప్‌లో అన్నిటికంటే తక్కువ ముప్పున్న జోన్ 1. గుర్తించిన పెద్ద ఫాల్ట్ ఏదీ అక్కడ లేదు. మట్టితో పేర్చిన రాతి గోడలు నిద్రపోతున్నవాళ్ళ మీద పడ్డాయి, వేలమంది పోయారు. 2002లో ఆ జోన్ 1నే మ్యాప్‌లోంచి ఎత్తేశారు. మన సైట్‌కి కిల్లారి 300 కి.మీ. బయటే, లెక్కలో నేరుగా రాదు, కానీ ఏ గీతా లేనిచోట కూడా ఆరు సైజుది రాగలదని చూపించింది అదే. కాబట్టి లోయ ఒక సోర్స్, దాని చుట్టూ ఉన్న గట్టి నేలంతా ఇంకో బ్యాక్‌గ్రౌండ్ సోర్స్.

లోతు చేసే మాయ

ఇక మళ్ళీ లోతు దగ్గరకి. ములుగు భూకంపం 5.3 అయినా ప్రాణనష్టం లేదు, అక్కడక్కడ పాత గోడలు బీటలువారాయి అంతే. అదే సమయంలో 200 కి.మీ. దాటి ఉన్న హైదరాబాద్‌లో కుర్చీలు కదిలాయి. దగ్గర అంత తక్కువ, దూరం అంత ఎక్కువ ఎలా అని చాలామంది అడిగారు. రెండిటికీ కారణాలు వేరు.

దగ్గర తక్కువ ఎందుకంటే, నలభై కి.మీ. కింద పుడితే నడినెత్తిన నిలబడ్డవాడు కూడా నలభై కి.మీ. దూరంలో ఉన్నట్టే. అదే భూకంపం పది కి.మీ. లోతున పుట్టి ఉంటే, అలల విస్తరణ ఒక్కటే లెక్కేసుకున్నా, కేంద్రం పైన ఊపు నాలుగు రెట్లు ఉండేది. ముప్పై కి.మీ. పక్కకి జరిగితే ఆ తేడా ఒకటిన్నర రెట్లకి పడుతుంది. హైదరాబాద్ దాకా వచ్చేసరికి తేడా ఏమీ మిగలదు. అంటే ములుగు మనకి చూపించింది 5.3 చేయగల నష్టం కాదు, లోతైన 5.3 చేయగల నష్టం మాత్రమే. "5.3 వచ్చినా ఏం కాలేదుగా" అన్న ధీమాకి ఇది ఆధారం కాలేదు.

దూరం ఎక్కువ ఎందుకంటే నేల గట్టిది, చల్లారినది, పగుళ్ళు తక్కువ, అలలు పెద్దగా అరగకుండా దూరం పోతాయి. దూరాన్నిబట్టి ఊపు ఎంతో చెప్పే, కాలిఫోర్నియా డేటాతో చేసిన సమీకరణాలు ఇక్కడ పెడితే దూరపు ఊపు తక్కువ చూపిస్తాయి. ద్వీపకల్పానికని రఘుకాంత్, అయ్యంగార్ 2007లో ఇచ్చిన సమీకరణం, దానికి తోడు తూర్పు ఉత్తర అమెరికా గట్టి నేలకి చేసినవి, అన్నీ లాజిక్ ట్రీలో (వేర్వేరు అవకాశాలకి బరువులిచ్చి కలిపే లెక్కలో) కొమ్మలుగా పెట్టాం. మన దగ్గర బలమైన ఊపుని దగ్గరనుంచి కొలిచిన రికార్డులు చాలా తక్కువ, కాబట్టి ఏ ఒక్క సమీకరణాన్నీ గుడ్డిగా నమ్మే పరిస్థితి లేదు.

ఊళ్ళల్లో తిరిగి అడగడం కూడా ఈ పనిలో భాగమే, నాకు ఇష్టమైన భాగం. ప్రశ్న ముందే సమాధానం పెట్టి అడగకూడదు. "భయమేసిందా పెద్దమ్మా" అంటే అందరూ అవుననే అంటారు. "అప్పుడు ఏం చేస్తున్నావు, గిన్నెలు పడ్డాయా, మోగాయా, నీళ్ళ బిందె తొణికిందా" అనాలి. పొద్దున ఏడున్నర కాబట్టి చాలామంది పొయ్యి దగ్గరో, పిల్లల్ని స్కూలుకి తయారుచేస్తూనో ఉన్నారు, వివరాలు బాగా గుర్తున్నాయి. ఇలా పోగేసిన సంగతుల్నిబట్టి ఊరూరికీ ఇంటెన్సిటీ (ఆ చోట ఎంత ఊపు తగిలిందన్న అంకె) వేసి చూస్తే, కేంద్రం దగ్గర బాగా ఎక్కువై చటుక్కున పడిపోయే తీరు కనిపించలేదు, విశాలంగా ఒకే మోతాదులో పరుచుకుంది. లోతైన భూకంపానికి అదే గుర్తు. యంత్రం చెప్పిన నలభైకి మనుషులు చెప్పింది తోడైంది. 1969 గుర్తున్న పెద్దవాళ్ళని కూడా అడిగాం, భద్రాచలం వైపు వాళ్ళు అప్పటిదే గట్టిగా ఉందన్నారు, కాకపోతే అంత పాత జ్ఞాపకానికి అంకె వేయడం కష్టం.

మా లాజిక్ ట్రీలో లోతుకి రెండు కొమ్మలు పెట్టాం, లోతైనది, పైపైది. ఫలితంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఈ కొమ్మే, బి-వాల్యూ కంటే, గరిష్ఠ మాగ్నిట్యూడ్ కంటే కూడా.

మట్టి, ఆ పైన బిల్డింగ్

ఇంతవరకు లెక్కంతా రాతి మీద. ఆసుపత్రి ఉన్నది రాతి మీద కాదు, గోదావరి ఒండ్రు మీద. సమ్మెటతో పలక మీద కొట్టి, వరసగా పాతిన జియోఫోన్లతో మట్టిలో అలల వేగం కొలిచాం, బోర్‌హోల్స్‌లో ఎస్‌పీటీ (మట్టి గట్టితనం కొలిచే పరీక్ష) చేయించాం. క్లయింట్ అంకెలు ఇక్కడ పెట్టను, ఒక ఊహాత్మక ఉదాహరణ చెబుతాను: రాతి పైన 30 మీటర్ల మట్టి ఉండి, అందులో అలల వేగం సెకనుకి 240 మీటర్లు అయితే, ఆ మట్టి సహజంగా ఊగే కాలం అర సెకను. పదిహేను మీటర్ల ఎత్తు కాంక్రీటు ఫ్రేమ్‌కి కోడ్ సూత్రం ఇచ్చే కాలం 0.57 సెకన్లు. దాదాపు ఒకటే, అంటే మట్టి, బిల్డింగ్ కలిసి ఊగే ప్రమాదం. అదే బిల్డింగ్‌లో ఇటుక గోడలు నింపిన ఫ్రేమ్‌గా లెక్కేస్తే, పాతిక మీటర్ల వెడల్పుకి 0.27కి పడిపోతుంది. ఒకే భవనం, గోడలు కలిపితే ఒక జవాబు, కలపకపోతే ఇంకో జవాబు, నిజంగా భూకంపం వచ్చినప్పుడు గోడలు పగిలేదాకా ఒకటి, పగిలాక ఇంకొకటి. కాబట్టి స్పెక్ట్రమ్ (ఊగే కాలాన్నిబట్టి ఎంత బలం పడుతుందో చూపే గీత) మీద ఒక్క చుక్క పట్టుకోవద్దు, రెండింటి మధ్య ఉన్నదంతా తట్టుకునేలా చూడండి అని చెప్పాం.

నీళ్ళు పైపైనే ఉండి, ఇసుక వదులుగా ఉంటే అది బురదలా మారే లిక్విఫాక్షన్ సంగతి కూడా చూశాం. 5.3కి ఊపు కొద్ది సెకన్లే, అంత భయం లేదు. 6.5 పెట్టి చూస్తే కొన్ని పొరలు మార్జిన్‌లో పడ్డాయి, పునాది పైల్స్ ఆ పొరల కిందికి దించమన్నాం. ఖర్చు పెరిగింది. యాజమాన్యం కాస్త గొణిగింది, ఒప్పుకుంది.

చివరికి కోడ్ అంకె ఎక్కడ పడిందంటే, మేం ఇచ్చిన ఇంతనుంచి ఇంతవరకు అన్న పట్టీ లోపలే పడింది, కానీ మధ్యకి కాస్త దిగువన. పైపై లోతు కొమ్మ, మట్టి పెంపు కలిసినప్పుడు పై అంచు కోడ్ దాటింది. దీన్నిబట్టి జోన్ మ్యాప్ తప్పని నేననను. మ్యాప్ పని దేశం మొత్తానికి ఒక కనీసం చెప్పడం, ఒక ఒండ్రు గట్టు సంగతి దానికి తెలియదు. డిజైనర్ మా మధ్య అంకె కంటే పైన, కోడ్ కనీసానికి ఎక్కడా తగ్గకుండా ఒక స్పెక్ట్రమ్ తీసుకున్నారు, ఆ ఎంపిక వాళ్ళది, కారణాలు రిపోర్టులో రాసిపెట్టాం.

అంకె మీద కంటే ఎక్కువసేపు వాదించింది కింద పార్కింగ్ మీద. పైన నాలుగంతస్తులూ గోడలతో బిగుసుకుని, కింద ఒట్టి స్తంభాలు మిగిలితే ఊపంతా ఆ స్తంభాలే మోయాలి. ఆసుపత్రికి ఇది ఏ జోన్‌లోనైనా మంచిది కాదు. అటూ ఇటూ షియర్ వాల్స్ (అడ్డంగా వచ్చే ఊపు మోసే కాంక్రీటు గోడలు) పెట్టడానికి ఒప్పించాం, కొన్ని కార్ల జాగా పోయింది. ఐఎస్ 13920 (భూకంపం కోసం కాంక్రీటులో కడ్డీల అమరిక చెప్పే కోడ్) ప్రకారం స్తంభాల్లో రింగులు దగ్గరదగ్గరగా ఉండాలి, వాటి హుక్కు 135 డిగ్రీలు లోపలికి వంగాలి. సైట్‌లో రాడ్ బెండింగ్ పనివాళ్ళకి 90 అలవాటు, త్వరగా అయిపోతుంది. కాంక్రీటు పోయకముందు ప్రతి స్తంభం ఫోటో తీసి పెట్టాలని కాంట్రాక్టులోనే రాయించాం. జనరేటర్, ఆక్సిజన్ పైపులు, పైన నీళ్ళ ట్యాంకు, ఇవి బోల్టులతో బిగించడానికి వేరే డ్రాయింగ్ ఇచ్చాం; బిల్డింగ్ నిలబడి ఆక్సిజన్ లైను తెగిపోతే ఐసీయూకి ఒరిగేదేం లేదు.

రిపోర్టు చివర, ఈ లెక్క మళ్ళీ ఎప్పుడు తెరవాలో రాశాం. లోయలో స్టేషన్లు పెరిగి చిన్నవాటి లోతులు నిజంగా కొలవగలిగితే, పైపై కొమ్మకి ఇచ్చిన బరువు ముందు మార్చాలి. లోయ లోపల 5.3 లేదా అంతకంటే పెద్దది ఇంకొకటి వస్తే, అది ఏ లోతున వచ్చినా, రెండు ఘటనల లెక్క మూడు ఘటనలదవుతుంది, మొత్తం మళ్ళీ చేయాలి. బేస్‌మెంట్‌లో ఒకటి, టెర్రస్ మీద ఒకటి యాక్సిలరోగ్రాఫ్ (ఊపు కొలిచే పరికరం) పెట్టమని కూడా అడిగాం. కిందది కొన్నారు, పైదానికి బడ్జెట్ వచ్చే ఏడాది చూస్తామన్నారు.